కాగితాలు లేని జనానికి పాటే సాక్ష్యం

ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయంలో మనం సాధారణంగా గమనించకుండా దాటిపోయే ఒక ఆజ్ఞ ఉంది. మోషేకు మరణకాలం సమీపించింది. ధర్మశాస్త్ర గ్రంథం మందసం ప్రక్కన ఉంచడానికి సిద్ధమవుతోంది. గ్రంథం ఉండగానే దేవుడు మోషేను మరొక పని చేయమన్నాడు. ఒక పాట వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పమన్నాడు. ఎన్ని కష్టాలు వచ్చినా వారి పిల్లల నోట ఆ పాట మరపునకు రాదని, అదే సాక్ష్యంగా నిలుస్తుందని చెప్పాడు. ఆ పాట ఇశ్రాయేలీయుల అవిశ్వాసం మీద కూడా సాక్ష్యమే. మనం ఇక్కడ గమనించవలసినది ఒక్కటి: గ్రంథం ఒకచోట ఉంటుంది, పాట మాత్రం మనుషులతోపాటు నడిచి వెళ్తుంది.

ఈ మాట ఎంత నిజమో నేడు మన కళ్ళ ముందే కనబడుతోంది. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లాలో, వెదురు కర్రలు, టార్పాలిన్ పట్టాలతో కట్టిన గుడిసెల్లో పది లక్షల మందికి పైగా రోహింగ్యాలు జీవిస్తున్నారు. వారి ఇళ్ళు కాలిపోయాయి. భూమి పత్రాలు పోయాయి. వారు ఏ దేశ పౌరులని అడిగితే చూపించడానికి కాగితం లేదు. వారి వెంట వచ్చిన వాటిలో పాట ఒకటి. ఆ పాటను కాపాడుకోవడానికి వారు పడుతున్న ప్రయాస గురించి, అది క్రైస్తవ సంఘానికి ఎందుకు పట్టాలో దాని గురించి ఈ వారం ఆలోచిద్దాం.

ఎవరు ఈ రోహింగ్యాలు?

మయన్మార్ పడమటి తీరంలో రఖైన్ రాష్ట్రం ఉంది. దాని పాత పేరు అరకాన్. బంగ్లాదేశ్ సరిహద్దులో నాఫ్ నదికి ఆవలి ఒడ్డున ఉన్న మౌంగ్‌డా, బుథిడాంగ్ ప్రాంతాల్లో తరతరాలుగా నివసించిన ముస్లిం ప్రజలే రోహింగ్యాలు. వారి భాష చిట్టగాంగ్ ప్రాంతపు భాషకు దగ్గరగా ఉంటుంది, బర్మీస్ భాషకు చాలా దూరం.

1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో వారికి కొంత గుర్తింపు ఉండేది. 1961 నుంచి 1965 వరకు రంగూన్ రేడియోలో రోహింగ్యా భాషలో వారానికి మూడుసార్లు కార్యక్రమం వచ్చేది. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. ఆ తరువాత మూడేళ్ళకు ఆ గొంతు రేడియోలో ఆగిపోయింది. 1982లో వచ్చిన పౌరసత్వ చట్టం, బ్రిటిష్‌వారు రాకముందు, అంటే 1823కు ముందు నుంచి ఆ దేశంలో ఉన్న జాతులనే సంపూర్ణ పౌరులుగా లెక్కించింది. ప్రభుత్వం గుర్తించిన జాతుల పట్టికలో రోహింగ్యా అనే పేరే లేదు. ఆ విధంగా ఒక జనమంతా తాము పుట్టిన నేల మీదనే పరదేశులయ్యారు.

1978లో ఒకసారి, 1991-92లో మరొకసారి రెండేసి లక్షల మందికి పైగా నది దాటి పారిపోయారు. 2017 ఆగస్టు 25 తరువాత సైన్యం జరిపిన దాడుల్లో కొద్ది నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు చేరారు. 2024 నుంచి రఖైన్‌లో మళ్ళీ పోరు ముదిరి, ఇంకా లక్షన్నర మంది దాకా వచ్చారు. ఖాళీ అయిన ఊళ్ళలో అనేకం బుల్‌డోజర్లతో చదును చేసినట్టు ఉపగ్రహ చిత్రాలు చూపించాయి. ఊరు నేల మీద లేదు, పటంలో కూడా ఉంటుందన్న నమ్మకం లేదు. ఎవరైనా పాటలో దాని పేరు చెబితే అక్కడ మాత్రం ఉంది.

బర్మా అనే పేరు తెలుగువారికి కొత్తది కాదు. కోరంగి రేవు నుంచి, విశాఖ నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళి కూలి చేసుకున్న తాతముత్తాతలు మన సంఘాల్లో ఎంతోమందికి ఉన్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చినవారు కొందరు. 1962 తరువాత దుకాణాలు, ఆస్తులు వదులుకుని ఓడలో వచ్చినవారు మరికొందరు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఆ సంగతి చెబుతూనే ఉంది. మనవారు తిరిగిరావడానికి ఒక దేశం ఉంది. రోహింగ్యాలకు అది కూడా లేదు.

వారు ఏమి పాడతారు?

రోహింగ్యా పాటల్లో ముఖ్యమైనది తరానా. హిందుస్థానీ సంగీతంలో స్వరాక్షరాలతో పాడే తరానాతో దీనికి పొంతన లేదు. ఇది మాటలున్న పాట, కథ చెప్పే పాట. పోగొట్టుకున్న ఊరు, విడిపోయిన కుటుంబం, అనుభవించిన హింస, తిరిగి వెళ్ళాలనే ఆశ, వీటి చుట్టూ అది తిరుగుతుంది. కొన్నిసార్లు మాండలిన్, హార్మోనియం, తబలా, చేతి తాళాలు తోడుంటాయి. అనేకసార్లు ఏమీ ఉండవు, గొంతు ఒక్కటే.

స్త్రీల పాటలు వేరు. పెళ్ళిళ్ళలో స్త్రీలు చేరి పాడే పాటలను హౌలా అంటారు. పెళ్ళికూతురిని ఆటపట్టించడం, పుట్టింటిని విడిచే బాధ, అత్తింటి గురించి హెచ్చరిక అన్నీ అందులో ఉంటాయి. మన పల్లెల్లో పెళ్ళి పాటలు, అప్పగింతల పాటలు విన్నవారికి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. అయితే ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1990ల నుంచి ఉత్తర రఖైన్‌లో రోహింగ్యాలు పెళ్ళి చేసుకోవాలంటే అధికారుల అనుమతి కావలసివచ్చేది. దానికి నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు పట్టేది. పెళ్ళికే అనుమతి అడగవలసిన చోట పెళ్ళి పాట పాడడం చిన్న సంగతి కాదు.

ఇవి కాక జోలపాటలు, పడవవారి పాటలు, కిస్సా అనే కథలు ఉన్నాయి. ఇవన్నీ నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి వచ్చినవే.

కాజీ ఫాహ్మిదా ఫర్జానా అనే పరిశోధకురాలు 2017 వలసకు ముందే బంగ్లాదేశ్‌లోని పాత శిబిరాల్లో రోహింగ్యాల పాటలను, బొమ్మలను అధ్యయనం చేశారు. బహిరంగంగా నోరు విప్పలేనివారు తమ బాధను, తమ హక్కును, తామెవరో అనే సంగతిని వీటి ద్వారా చెప్పుకుంటున్నారని ఆమె రచనలు వివరిస్తాయి. వారి నిరసన పత్రం, జ్ఞాపకాల పుస్తకం, ప్రార్థన మూడూ ఒక్క తరానాలోనే ఇమిడి ఉంటాయని మనం చెప్పుకోవచ్చు.

ఎందుకు ప్రమాదంలో ఉంది?

మొదటి కారణం, పాటలు తెలిసిన పెద్దలు శిబిరాల్లోనే కన్నుమూస్తున్నారు. శిబిరాల జనాభాలో సగానికి పైగా పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు. అరకాన్‌లోని వరి పొలం గాని, చెరువు గాని వీరిలో చాలామంది చూడనే లేదు. పాటలో వచ్చే చెట్టు పేరు, పంట పేరు వారికి వట్టి శబ్దం. చూపించి చెప్పే అమ్మమ్మ లేకపోతే ఆ మాట ఆమెతోనే పోతుంది.

రెండవది, బడి. శిబిరాల్లో పిల్లలకు బంగ్లా పాఠ్యక్రమం బోధించడానికి అనుమతి లేదు. 2021 చివర నుంచి మయన్మార్ పాఠ్యక్రమం ప్రవేశపెట్టారు. అందులో చదువు బర్మీస్, ఇంగ్లీషు భాషల్లో సాగుతుంది. ఇంట్లో మాట్లాడే భాషకు పుస్తకంలో చోటు తక్కువ.

మూడవది, అగ్ని. 2021 మార్చి 22న కుటుపాలాంగ్-బాలుఖాలీ శిబిరాల్లో చెలరేగిన మంటలకు సుమారు 45 వేల మంది నిలువ నీడ కోల్పోయారు. 2023 మార్చిలో మళ్ళీ మంటలు లేచి 12 వేల మంది గూడు పోయింది. కాలిపోయిన గుడిసెలో ఎవరి మాండలిన్ ఉందో, ఏ ముసలాయన గొంతు దాచుకున్న ఫోను ఉందో ఏ నివేదికా లెక్క వేయదు.

నాలుగవది, భయం. 2019 సెప్టెంబరు నుంచి 2020 ఆగస్టు వరకు శిబిరాల్లో ఫోన్ల ఇంటర్నెట్ వేగాన్ని దాదాపు లేనట్టే చేశారు. శిబిరాల్లో సాయుధ ముఠాలు కూడా తిరుగుతున్నాయి. తన ప్రజల మీద జరిగిన దారుణాల వివరాలు సేకరించిన నాయకుడు మొహిబుల్లాను 2021 సెప్టెంబరు 29న శిబిరంలోనే కాల్చి చంపారు. ఇలాంటి చోట తన పేరు చెప్పి, ముఖం చూపించి పాడాలంటే ధైర్యం కావాలి.

ఐదవది ఇంటి లోపలి సంకోచం. వాయిద్యాలు మతరీత్యా తగవని భావించే పెద్దలు వారిలో ఉన్నారు. స్త్రీలు పరాయి పురుషుల ముందు పాడకూడదనే కట్టుబాటు కూడా ఉంది. దీనిని చూసి మనం పెదవి విరవనక్కరలేదు. డప్పు మోగితే అది అన్యాచారమని, అంటరానివారి వాయిద్యమని ఆరాధనలో దానికి చోటివ్వని సంఘాలు మన మధ్య లేవా? ఏ పాట దేవునికి ప్రీతి, ఏ వాయిద్యం తగినది అనే వాదన ప్రతి విశ్వాస సమాజంలోనూ నడిచినదే.

ఏమి చేస్తున్నారు?

అంతర్జాతీయ వలస సంస్థ కాక్స్ బజార్‌లోని 18వ నంబరు శిబిరంలో రోహింగ్యా సాంస్కృతిక స్మృతి కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. అరకాన్ ఇళ్ళ నమూనాలు, పడవలు, చేపల బుట్టలు, కుట్టుపనులు, వాయిద్యాలు శరణార్థుల చేతనే తయారుచేయించి భద్రపరచడం, పాటలను, కథలను రికార్డు చేయడం దాని పని. అక్కడ పనివాడు, గాయకుడు, కథ చెప్పేవాడు అందరూ రోహింగ్యాలే. బయటినుంచి వచ్చినవారు వస్తువులు ఏరుకుని పట్టుకుపోయే పద్ధతికి ఇది భిన్నం.

భాష విషయంలో మరొక మేలు జరిగింది. మహమ్మద్ హనీఫ్ అనే పండితుడు 1980లలో రోహింగ్యా భాషకు ఒక లిపి రూపొందించాడు. అరబ్బీలాగా కుడినుంచి ఎడమకు వ్రాసే ఈ హనీఫీ లిపి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. అంటే ఆ అక్షరాలను కంప్యూటరులో, ఫోనులో ఉపయోగించడానికి దారి ఏర్పడింది. పాటను రికార్డు చేయడమే కాదు, దాని మాటలను సొంత లిపిలో వ్రాసుకునే వీలు కలిగింది. 2019లో రోహింగ్యా కవుల కవితల సంకలనం ఇంగ్లీషులో వెలువడి, శిబిరాల్లోని యువకవుల గొంతు బయటి ప్రపంచానికి వినిపించింది.

అన్నిటికంటే విస్తారమైన పని మాత్రం ఏ సంస్థా చేయడం లేదు, సామాన్యులే చేస్తున్నారు. శిబిరంలో ఒకరు పాడతారు, మరొకరు ఫోనులో పట్టుకుంటారు. అది మెమరీ కార్డు నుంచి మెమరీ కార్డుకు, ఫోను నుంచి ఫోనుకు చేరుతుంది. మలేషియాలో కూలి పని చేసుకునే తమ్ముడికి, సౌదీలో ఉన్న మేనమామకు, అమెరికాలోని షికాగో, మిల్వాకీ నగరాల్లో స్థిరపడిన కుటుంబాలకు అందుతుంది. చెదరిపోయిన జనాన్ని ఒక్క తాడున కట్టి ఉంచేది ఇలాంటి పాటే.

దాచడం వేరు, పంచడం వేరు

ఇక్కడ ఒక భేదం గ్రహించాలి. పాటను రికార్డు చేసి పెట్టెలో భద్రపరిస్తే అది నశించకుండా ఉంటుంది. ఒక పిల్లవాడు దాన్ని నేర్చుకుని పాడితేనే అది బ్రతికి ఉంటుంది. ఈ రెండూ అవసరమే. రికార్డు లేకపోతే పెద్దాయన మరణంతో పాట పోతుంది. నేర్చుకునేవాడు లేకపోతే రికార్డు మ్యూజియం వస్తువవుతుంది. మోషే పాట విషయంలో రెండూ జరిగాయి. వ్రాయమని చెప్పిన దేవుడే నేర్పమని కూడా చెప్పాడు.

పంచుకోవడంలో న్యాయం కూడా ఉండాలి. పాట ఎవరిది? పాడినవారి అనుమతి తీసుకున్నామా? అది ఎక్కడికి వెళ్తుందో వారికి అర్థమయ్యేలా చెప్పామా? తన కుటుంబాన్ని చంపినవారి గురించి పాడిన మనిషి పేరు బయటికి వస్తే రేపు ఆమెకు గాని, అవతల మిగిలిన బంధువులకు గాని కీడు కలగదా? పెళ్ళి పాట స్త్రీల మధ్యనే ఉండాలని వారు కోరితే ఆ కోరికను గౌరవిస్తామా? మంచి ఉద్దేశంతో వెళ్ళేవారు కూడా ఈ ప్రశ్నలు వేసుకోవాలి. దుఃఖం వారిది, పేరు మనది కాకూడదు.

137వ కీర్తన మనకు నేర్పేది

మన పరిశుద్ధ గ్రంథంలో శరణార్థి పాట ఒకటి ఉంది. బబులోను నదుల ఒడ్డున కూర్చున్న చెరవారు తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించారు. చెరపట్టినవారు సీయోను పాట ఒకటి పాడమని అడిగారు. పరదేశంలో ఎలా పాడగలమని వారు కుమిలిపోయారు. ఆశ్చర్యం ఏమిటంటే, పాడలేమన్న ఆ మాటే పాటగా మారి రెండున్నర వేల సంవత్సరాలుగా మన మధ్య నిలిచింది. బబులోను సామ్రాజ్యం మట్టిలో కలిసిపోయింది. చెరవారి పాట మాత్రం ఆదివారం మన పుల్పిట్ మీద తెరిచి ఉంది.

ఈ కీర్తనలో మనకు రెండు హెచ్చరికలు ఉన్నాయి. మొదటిది, బాధితుల పాటను వినోదంగా అడిగినవారు బబులోనువారు. శరణార్థి కన్నీటిని వీడియోగా చూసి, మరుక్షణం వేలు జరిపి మరో వీడియోకు వెళ్ళే మనం ఆ ఒడ్డున ఎవరి పక్కన నిలబడి ఉన్నామో చూసుకోవాలి. రెండవది, ఆ కీర్తన చివర భయంకరమైన కోపం ఉంది. మనం చదవడానికి వెనుకాడే మాటలవి. అయినా పరిశుద్ధాత్మ వాటిని గ్రంథంలోనుంచి తీసివేయనివ్వలేదు. గాయపడిన జనం ఎలా మొరపెడుతుందో దేవుడు విన్నాడు, దాచి ఉంచాడు. కాబట్టి రోహింగ్యా పాటలో తియ్యని భాగం మాత్రమే వినాలని, కోపం వినబడకూడదని కోరే హక్కు మనకు లేదు.

మనకు సొంత అనుభవం కూడా ఉంది. చదువు రాని మన పూర్వీకులకు విశ్వాసాన్ని నేర్పింది పాటలే. పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు మన రాగాల్లో, మన తాళాల్లో కీర్తనలు కూర్చారు గనుక, బైబిలు చదవలేని అమ్మమ్మలు కూడా సువార్తను కంఠస్థం చేసి మనకు అప్పగించారు. వారి ఆస్తి పత్రాలు మనకు దొరకకపోవచ్చు, వారి పాట మనకు దొరికింది. పాట పోతే ఏమి పోతుందో ఇంతకంటే బాగా మనకు ఎవరు చెప్పాలి?

మన గుమ్మం ముందు

ఈ సంగతి దూరదేశపుది మాత్రమే కాదు. హైదరాబాదులోని బాలాపూర్, పాతబస్తీ పరిసరాల్లో కొన్ని వేల మంది రోహింగ్యాలు ఏళ్ళ తరబడి జీవిస్తున్నారు. రేకుల షెడ్లలో కాపురం, కూలి పని, పాత సామాను ఏరి అమ్ముకోవడం వారి బ్రతుకు. శరణార్థుల గురించిన 1951 అంతర్జాతీయ ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు. ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు వారిలో చాలామంది చేతిలో ఉన్నా, రేపేమవుతుందో అనే దిగులు వారిని వదలదు.

వారు ముస్లింలు కదా, మనకెందుకు అని కొందరు అడుగుతారు. గాయపడినవాని మతం ఏదని సమరయుడు అడగలేదు. లేవీయకాండము 19వ అధ్యాయం మన మధ్య నివసించే పరదేశిని మనవలె ప్రేమించమంటుంది, మనమూ ఒకప్పుడు పరదేశులమని కారణం చెబుతుంది. ఎవరు ఉండాలి, ఎవరు వెళ్ళాలి అనే విషయం ప్రభుత్వం, న్యాయస్థానాలు తేల్చేది. పొరుగువానితో మనిషిగా మాట్లాడే బాధ్యత మాత్రం ప్రభువు మనకే అప్పగించాడు.

సంఘంగా మనం చేయగలిగినవి పెద్ద పనులు కావు. మొదట, ఆదివారం ప్రార్థనలో వారిని పేరు పెట్టి జ్ఞాపకం చేసుకుందాం. స్వదేశంలోనే తమ పేరును నిరాకరించిన జనానికి ఎవరైనా ఆ పేరుతో ప్రార్థించడం చిన్న గౌరవం కాదు. రెండవది, ఆ బస్తీల్లో పిల్లల చదువుకు, వైద్యానికి నమ్మకంగా పనిచేస్తున్న వారితో కలిసి సహాయం చేద్దాం. సహాయం వెనుక మరో లెక్క దాచుకోకుండా చేద్దాం. మూడవది, పరిచయం పెరిగి స్నేహం కలిగితే, మీ ఊరి పాట ఏమిటని అడుగుదాం. వారు పాడితే విందాం. ఫోను జేబులోనే ఉంచుదాం. రికార్డు చేసుకోమని వారే అంటే అప్పుడు చూసుకోవచ్చు. పిల్లల ముఖాలు సంఘపు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు.

యువజన నాయకులకు ఒక మాట. పాట రికార్డు చేయడం, మాటలు వ్రాసుకోవడం, వాటిని సురక్షితంగా భద్రపరచడం మీకు చేతనైన పని. రోహింగ్యా యువకులు తమ పెద్దల పాటలను తామే భద్రపరచుకోవాలనుకుంటే, ఆ నేర్పును వారికి అందించండి. మైకు వారి చేతికి ఇవ్వండి. ఏది దాచాలి, ఎవరికి పంచాలి అనే నిర్ణయం వారిదే.

పౌలు సీలలు చెరసాలలో అర్ధరాత్రి పాడుతుండగా ఖైదీలు వింటున్నారని అపొస్తలుల కార్యముల గ్రంథం చెబుతుంది. చీకటిలో పాడేవారికి ఎవరైనా వింటున్నారనేది ధైర్యం. కుటుపాలాంగ్ గుడిసెలో రాత్రి తరానా పాడే ముసలివానికి, బాలాపూర్ రేకుల ఇంట్లో బిడ్డకు జోల పాడే తల్లికి, వినేవారు ఉన్నారని తెలియాలి. మోషేకు పాట నేర్పించిన దేవుడు వింటున్నాడని మనం నమ్ముతున్నాం. ఆయన ప్రజలమైన మనం కూడా విందాం.